గురి సంగతి తర్వాత, ముందు గోడ చూడు

హైదరాబాద్

చి॥ కార్తీక్‌కి,

ఇంట్లో ఎయిర్ పిస్టల్ పోటీ పెడతానన్న నీ ఉత్తరం అందింది. కప్పులు, టీషర్టులు, పోస్టరు అన్నీ రాశావు గానీ, పేల్చిన పెల్లెట్ ఎక్కడ ఆగుతుందో రాయలేదు. ముందు తేల్చుకోవాల్సింది అదే.

మేడ మీద మాత్రం వద్దురా. పిట్టగోడ దాటిన పెల్లెట్ పక్కింటి పిల్లాడి కంట్లో పడితే ఎవరు జవాబుదారీ? మీ పాత ఇంటి వసారా చాలు. దాని చివర తలుపూ కిటికీ లేని గోడ ఉంది కదా, దానికి ఆనించి చెక్కపెట్టె పెట్టు. పెట్టె లోపల వెనకవైపు దళసరి ఇనపరేకు, దాని ముందు పాత వార్తాపత్రికలు దట్టంగా కుక్కు. మధ్యలో గుంట పడగానే మార్చెయ్యి. పక్క గదుల తలుపులకు లోపలి నుంచి గడియ వేయించు. వాడేది సీసం పెల్లెట్లే. గుండ్రటి ఉక్కు గుళ్లు ఎగిరి వెనక్కొస్తాయి, వాటిని గుమ్మం తొక్కనివ్వకు. కళ్లద్దాలు చూసేవాళ్లకి కూడా ఉండాలి.

మన షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చాక అందరికీ పది మీటర్ల దూరం మీదే మోజు. నీకున్న చోటుకి అయిదు మీటర్లే నయం. అలాగని అసలు టార్గెట్‌ని సగానికి కుదించి ప్రింటు తీసేవు! దూరం సగమైనా పెల్లెట్ మందం 4.5 మిల్లీమీటర్లే, అది తగ్గదు. అసలు కార్డు మీద పది వలయం 11.5 మిల్లీమీటర్లు. దానికి పెల్లెట్ మందం కలిపితే 16, అందులో సగం 8, మళ్లీ మందం తీసేస్తే 3.5. నీ పది అంతే ఉండాలి. మిగతా వలయాలకీ ఇదే లెక్క. ప్రింటు తీశాక స్కేలు పెట్టి చూడు, ప్రింటర్లు తమ ఇష్టమొచ్చినట్టు కుదిస్తాయి.

మనిషికి ఇరవై షాట్లు, ఇరవై అయిదు నిమిషాలు, అంతకు ముందు పది నిమిషాలు ప్రాక్టీసు. కార్డుకి రెండే షాట్లు. అయిదు కొట్టిస్తే రంధ్రాలు కలిసిపోయి బంధుత్వాలు తెగిపోతాయి. గీత తగిలితే పెద్ద అంకె ఇవ్వాలి, ఆ మాట ముందే చెప్పు.

ఇంకో సంగతి, నీకు నచ్చకపోవచ్చు. ఆ రోజు నువ్వు ఆడకూడదు. లోడ్, స్టార్ట్, స్టాప్ అనే గొంతు ఒక్కటే ఉండాలి, అది నీది. స్టాప్ అంటే పిస్టల్ ఖాళీ చేసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టాలి. ఖాళీ అయిందని నీ కళ్లతో చూశాకే కార్డు తేవడానికి ఎవరైనా ముందుకు కదలాలి. మీ నాన్నకైనా ఇదే రూలు. తనూ షూట్ చేస్తూ వెనక ఏం జరుగుతోందో చూడగలిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

0.177 కాలిబర్, 20 జూళ్లలోపు పిస్టల్‌కి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అయినా బిల్లు దగ్గర ఉంచుకో, వీధిలోవాళ్లకి ముందే ఓ మాట చెప్పు.

భోజనాలు పోటీ అంతా అయ్యాకే. సీసం చేతికంటుతుంది, సబ్బుతో కడుక్కోనివాడికి విస్తరి వెయ్యొద్దని మీ అమ్మకి చెప్పు. వసారా చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

ఇట్లు
మీ అత్తయ్య