సచివాలయంలో ఎవరి బల్ల ఎక్కడ?

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పల్లెల్లో సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున, అన్నీ కలిపి 15,000 దాకా. వీఆర్వో, సర్వేయరు, ఏఎన్‌ఎం, మహిళా పోలీసు, వెల్ఫేర్ అసిస్టెంటు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, ఇలా శాఖకొకరు ఒకే కప్పు కిందికి వచ్చారు. ఎవరి పనేమిటో జాబ్‌చార్టులో రాసుంది. ఎవరి బల్ల ఎక్కడన్నది మాత్రం చాలాచోట్ల సామాను దిగిన రోజున ఎలా పడితే అలాగే ఉండిపోయింది.

పెనుగంచిప్రోలు, వత్సవాయి లాంటి ఊళ్లలో దీని ఇబ్బంది నగరంలోకన్నా ఎక్కువ. బెంచీ మీద నలుగురు కూర్చుంటే ఒకరైనా మనకు చుట్టమో, ఇంటి పక్కవాళ్లో అవుతారు. మొగుడు కొట్టాడని చెప్పుకోవడానికి వచ్చిన మనిషి, ఆడబిడ్డ తోడికోడలు అక్కడే రేషన్ కార్డు కోసం కూర్చుని ఉంటే నోరు విప్పదు. "ఏం లేదమ్మా, ఊరికే వచ్చా" అని వెళ్లిపోతుంది. కొత్తగా నెల తప్పిన అమ్మాయి సంగతి ఏఎన్‌ఎంకు చెప్పేలోపే వీధంతా తెలిసిపోతుంది. ఇక ఓటీపీలు! హాలంతా వినిపించేలా ఆరంకెలు అరిచి చెప్పించే అలవాటు ముందు మానాలి. ఫోను తీసుకుని చూడటం కూడా మర్యాద కాదు. చదవడం రానివాళ్లయితే దగ్గరికి పిలిచి, వాళ్లు చూపించిన అంకెల్ని మెల్లగా కొట్టుకోవాలి.

గోడలు లేకపోతే సిబ్బంది అయినా కలిసిమెలిసి ఉంటారా అంటే, అదీ లేదు. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు పెద్ద కంపెనీల్ని పరిశీలించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అడ్డుగోడలు తీసేశాక ఉద్యోగులు ముఖాముఖి మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి. అందరి కళ్లూ తనమీదే ఉన్నాయనుకున్నవాడు తల వంచుకుని కంప్యూటర్లోకి చూస్తాడు. మన దగ్గరా ఎదురుబల్ల మనిషికి వాట్సాప్‌లో కబురు పెట్టేవాళ్లు ఉన్నారు కదా. పోనీ అందరికీ తలా ఒక అర కట్టేద్దామా? అమెరికాలో 1968లో రాబర్ట్ ప్రాప్స్ట్ మనిషికి చోటూ చాటూ రెండూ ఇద్దామని కదిలించగల తెరలతో ఆఫీసు సామాను రూపొందించాడు. ఖర్చు చూసుకున్న కంపెనీలు దాన్ని కాస్తా ఇరుకు డబ్బాలుగా మార్చాయి.

కాబట్టి కొత్త భవనం కోసం ఎదురుచూడకుండా ఉన్న బల్లల్నే జరపండి. లోపలి గది ఒక్కటే ఉంటే మామూలుగా అది హోదా ఉన్నవారికి పోతుంది. అలా ఇవ్వకండి. ఎవరి దగ్గరికి వచ్చేవాళ్లకు గుట్టు కావాలో వాళ్లకివ్వండి: మహిళా పోలీసుకూ, ఏఎన్‌ఎంకూ. ఇద్దరూ పూటలు పంచుకోవచ్చు. గదే లేకపోతే హాలు మూలన రెండు బీరువాలు అడ్డం పెట్టండి. కూర్చున్న మనిషి తల దాటేంత ఎత్తుండాలి. నడుం ఎత్తు అడ్డుబల్ల చూపును కూడా ఆపదు. నున్నటి గోడలు, టైల్స్ నేల మాటను తిరగ్గొడతాయి. మందపాటి గుడ్డ పరదా, కాగితాలతో నిండిన అలమర కొంత పీల్చుకుంటాయి. అసలు మందు దూరం. వేచి ఉండే బెంచీని ఆ మూలకు వీలైనంత దూరంగా, కుదిరితే వరండాలో వేయండి. పేరూ, వచ్చిన పనీ కేకేసి పిలవకుండా టోకెన్ నంబరుతో పిలవండి.

డిజిటల్ అసిస్టెంటు సంగతి వేరు. అతను ద్వారం ఎదురుగా ఉండక తప్పదు, కానీ వీపు గోడకు ఆనేలా కూర్చోవాలి. వెనక నిలబడ్డవాళ్లకు పక్కవారి ఆధార్ వివరాలు కనిపించకూడదు. అందరికన్నా ఎక్కువ మందితో మాట్లాడేదీ, తోటివాళ్లతో తక్కువ మాట్లాడేదీ అతనే. మధ్యాహ్నం అరగంట ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని టోకెన్లు ఇస్తుంటే అతనూ క్యారేజీ విప్పుకోగలడు.

సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు పగలు ఎక్కువసేపు పొలాల్లోనో పనుల దగ్గరో ఉంటారు. వాళ్లిద్దరికీ కలిపి ఒక్క బల్ల చాలు. అయితే తాళం పడే సొరుగు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. సొంత సొరుగు కూడా లేని మనిషికి ఆఫీసు తనదని అనిపించదు.

మిగిలిన చోటులో ఒక బల్లను కంప్యూటరూ ఫైళ్లూ లేకుండా ఖాళీగా ఉంచండి. అది అన్నం బల్ల. జనం వచ్చే దారికి ఎడంగా, ఫ్యాను కింద. ఇది సోమరితనానికి ఇచ్చే చోటు కాదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు లాంటి రోజుల్లో ఏ వీధిలో మంచం పట్టిన ముసలమ్మ ఉందో ఏఎన్‌ఎంకు తెలుసు, ఏ ఇల్లు పల్లంలో ఉందో ఇంజనీరింగ్ అసిస్టెంటుకు తెలుసు. ఆ రెండు సంగతులూ కలవాలంటే రోజూ కలిసి తినే అలవాటు ముందే ఉండాలి. అక్కడ కూర్చోవడం మాత్రం ఎవరికీ తప్పనిసరి చేయొద్దు. ఆడవాళ్లకు విడిగా తినాలనిపిస్తే తిననివ్వండి.

ఇందులో ఏ పనికీ పైనుంచి నిధులు అక్కర్లేదు. పంచాయతీ కార్యదర్శులారా, ఒకటో తారీఖు పింఛన్ల పని ముగిశాక, ఒక సాయంత్రం అందరినీ పిలిచి, ముందు మహిళా పోలీసు బల్లను వరండా బెంచీకి దూరంగా జరిపించండి.