లేపాక్షి పైకప్పు, ధర్మవరం మగ్గం: పోటీ పరీక్షల ప్రత్యేకం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలను విడివిడిగా బట్టీ పట్టడం దండగ. మూడూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోవే. జిల్లా కేంద్రం పుట్టపర్తి. పెనుకొండ అని గుర్తు పెట్టి మార్కు పోగొట్టుకోవద్దు. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దిది, అచ్యుతదేవరాయల కాలం, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల నిర్మాణం. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూసేవారే ఎక్కువ. పరీక్షకు మాత్రం పైకప్పు ముఖ్యం. అక్కడి చిత్రాల్లో స్త్రీల చీరలు, అంచులు, గళ్లు, పూలు స్పష్టంగా కనిపిస్తాయి. విజయనగర కాలపు వస్త్రాలకు ఇది ప్రత్యక్ష సాక్ష్యం. 2022లో ఆలయం, ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి; ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయనే ఐచ్ఛికం తప్పు.

బొమ్మలో చీర ఉన్నంత మాత్రాన దాన్ని ధర్మవరంలోనే నేశారనగలమా? అనలేం. ఆ అభ్యంతరం సబబే. చిత్రం చెప్పేది అభిరుచి గురించి, మగ్గం చిరునామా గురించి కాదు. అయితే 1565 తళ్లికోట యుద్ధం తర్వాత అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. దర్బారు దగ్గరికొస్తే ఖరీదైన వస్త్రానికి గిరాకీ పెరగడం సహజం. ఇది ఊహే, కానీ నిరాధారం కాదు. నేటి లంకె మరింత గట్టిది: పట్టుగూళ్ల మార్కెట్ హిందూపురంలో, మగ్గాలు ధర్మవరంలో. ధర్మవరం చేనేత పట్టు చీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు చట్టం 1999, అమలు 2003 సెప్టెంబరు 15, రిజిస్ట్రీ చెన్నై, గడువు 10 ఏళ్లు, పునరుద్ధరణ ఉంది. చేనేత రిజర్వేషన్ చట్టం వేరు: 1985. ఈ రెంటినీ జతపరచమని అడగవచ్చు.