పెద్ద ఫిల్ము కెమెరాకు మొదటి కటకం

కెమెరా అనగానే జేబులోని సెల్‌ఫోను గుర్తుకు వచ్చే రోజులివి. యీ వ్యాసంలో కెమెరా అంటే అది కాదు. ముందొక పలక, వెనకొక పలక, రెంటినీ కలుపుతూ కొలిమి తిత్తి లాంటి మడతల సంచి. ముందు పలకకు కటకం, వెనుక పలకకు గరుకు గాజు. బొమ్మ ఆ గాజు మీద తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకొని దాన్ని సరిచూసుకున్న తర్వాత నాలుగంగుళాలు బై ఐదంగుళాల ఫిల్ము ముక్క ఒక్కటి లోపల పెట్టి, ఒక్క ఫొటో తీస్తాం. ఆప్టిక్స్ ప్రాక్టికల్‌లో బల్లమీద కుంభాకార కటకాన్ని, తెరను ముందుకూ వెనక్కూ జరిపిన వాళ్ళందరూ యీ కెమెరాను సగం నేర్చుకున్నట్టే లెక్క.

హైదరాబాదుకు యిది కొత్త వస్తువేమీ కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) యీ జాతి కెమెరాలతోనే యీ నగరాన్ని గాజు పలకల మీదికి ఎక్కించాడు. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివిన మనిషి అన్న సంగతి మన సైన్సు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి.

మా ఫొటో క్లబ్బుకు ఒక పూర్వ విద్యార్థి కర్ర కెమెరా ఒకటి యిచ్చారు. తిత్తి బాగుంది, పలకలు బాగున్నాయి, కటకం మాత్రం లేదు. కుర్రాళ్ళం చందాలు వేసుకున్నాం. వచ్చిన డబ్బు ఒక్క కటకానికే సరిపోతుంది, రెండో దానికి యిప్పట్లో ఆశ లేదు. హాస్టలు పిల్లల మెస్సు డబ్బులూ, మా నాయన పల్లీలు అమ్మి పంపిన దాంట్లో కొంతా అందులో వున్నాయి గనుక ఏది కొనాలో లెక్క తేల్చే పని నేనే నెత్తిన వేసుకున్నాను.

ఫొటో దేనికి తీయాలన్నది ముందే తేల్చుకున్నాం. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాళ్ళకు. యీ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. కొంత భాగం కె.బి.ఆర్. పార్కులో (1998లో జాతీయ ఉద్యానవనమైంది) భద్రంగా వుంది. మిగిలింది ఇంటి పునాదికీ రోడ్డుకీ దారి యిస్తూ పోతున్నది. ఫిల్మ్‌నగర్ సందుల్లో ఒక పక్క బంగళా గోడ, ఒక పక్క బస్తీ రేకుల ఇల్లు, మధ్యలో ఏనుగంత గుండు యిప్పటికీ కనిపిస్తాయి. అవన్నీ పోకముందే, రాతి మీది ప్రతి గీతా తెలిసేట్టు బొమ్మ వుండాలని మా కోరిక.

కటకం ఎక్కడ దొరుకుతుందని అడిగితే అందరూ ఒకటే మాట: "ఫిల్మ్‌నగర్‌లో లేని లెన్సు వుంటదా!" 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసిన కొండల చుట్టే తెలుగు సినిమా కుదురుకున్నది గదా, నిజమే అనుకుని వెళ్ళాను. అద్దెకిచ్చే ఒక దుకాణంలో "లార్జ్ ఫార్మాట్ లెన్సు కావాలన్నా" అంటే, ఆయన "ఎన్ని రోజుల షూటింగ్ తమ్ముడూ?" అని ముద్దుగా ఒక పెట్టె తెరిచాడు. సినిమా వాళ్ళ భాషలో యిప్పుడు లార్జ్ ఫార్మాట్ అంటే ఆరీ అలెక్సా ఎల్.ఎఫ్. లాంటి డిజిటల్ కెమెరా. దాని సెన్సారు సుమారు 37 బై 26 మిల్లీమీటర్లు. 70 ఎం.ఎం. సినిమాల కోసం వాడే 65 ఎం.ఎం. నెగెటివులో కూడా ఒక్కో బొమ్మ 52 బై 23 మి.మీ. దరిదాపుల్లోనే వుంటుంది. మా ఫిల్ము ముక్కలో బొమ్మ పడే చోటు 120 బై 96 మి.మీ. మాట ఒకటే గానీ, ఒకటి అగ్గిపెట్టె, యింకొకటి అరచెయ్యి! ఆ పెట్టెలోని కటకం ఖరీదు మా ఊళ్ళో ఎకరం పొలమంత వుండవచ్చు. అయినా మా కెమెరాకు బిగిస్తే గాజు మధ్యలో గుండ్రటి వెలుగు మచ్చ, చుట్టూ చీకటి.

అసలు కిటుకు యిక్కడే వున్నది. మా చేనులో స్ప్రింక్లరు గుండ్రంగా నీళ్ళు చిమ్ముతుంది. మడి మాత్రం నలుపలకలుగా వుంటుంది. చిమ్మే వలయం చిన్నదైతే నాలుగు మూలలూ ఎండిపోతాయి. కటకం కూడా అంతే, వెనుక ఒక వెలుగు వలయాన్ని వేస్తుంది. మా ఫిల్ము మడికి కర్ణం 154 మి.మీ., కాబట్టి వలయం వ్యాసం కనీసం అంత వుండాలి. అయితే కనీసంతో సరిపెట్టుకుంటే యీ కెమెరా కొన్న ప్రయోజనమే పోతుంది. ముందు పలకను పైకీ కిందికీ పక్కలకూ జరపగలగడమే దీని గొప్పతనం. స్ప్రింక్లరును నాలుగడుగులు జరిపినా మూలలు తడవాలంటే వలయం మడికన్నా బాగా పెద్దదై వుండాలి గదా.

యిక నాభ్యంతరం, అంటే ఫోకల్ లెంగ్త్. కర్ణమంత నాభ్యంతరం వున్న కటకాన్ని మామూలు కటకం అంటారు. మా కెమెరాకు అది 150 మి.మీ. వెడల్పు చూపుకు 90, కాస్త దగ్గరగా లాగడానికి 210. క్లబ్బులో మూడు పక్షాలు తయారయ్యాయి. ఎన్నికల రోజుల్లో కూడా యింత వాదన జరగలేదు సుమా!

210 పక్షం వాళ్ళది ముఖచిత్రాల మోజు. 210 కటకాల వలయం ధారాళంగా వుంటుంది, 290 మి.మీ. పైమాటే. కానీ మా కెమెరా తిత్తి 300 మి.మీ. మించి సాగదు. కటక సూత్రంలో వేసి చూస్తే 210తో 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరి వస్తువు స్పష్టంగా రాదు. 150తో అయితే 30 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. ఆ దూరంలో పల్లీకాయ ఫిల్ము మీద అసలు సైజులోనే పడుతుంది. పైగా తిత్తి సాగేకొద్దీ వెలుగు పలచబడుతుంది. మీటరు దూరంలోని మనిషి ముఖానికి 210ని సరిచేస్తే తిత్తి సుమారు 266 మి.మీ. సాగుతుంది. అప్పుడు 1.6 రెట్లు ఎక్కువ సమయం వెలుగివ్వాలి. మరిచిపోతే ఫిల్ము దండగ.

90 పక్షానిది గట్టి వాదన, కొట్టిపారేయలేం. ఫిల్మ్‌నగర్ సందులో పది మీటర్లకన్నా వెనక్కు జరిగే వీలు వుండదు. కెమెరా అడ్డంగా పెట్టి అంత దూరం నుంచి తీస్తే 150లో 6.4 మీటర్ల ఎత్తే పడుతుంది, 90లో 10.7 మీటర్లు పడుతుంది. అయినా నాకు ఒప్పుదల కాలేదు. చవకగా దొరికే 90లు ఎఫ్/8వి. ఎఫ్/5.6 కన్నా గాజు మీద వెలుగు సగమే. మిట్ట మధ్యాహ్నం నల్లగుడ్డ కింద చెమటలు కక్కుతూ ఆ చీకట్లో మూలలు వెతకడం కొత్తవాళ్ళ వల్ల కాదు. 90 పెట్టినప్పుడు తిత్తి బాగా నలిగి పలకలు జరగడానికి మొరాయిస్తాయి. మరొకటి: ఏటవాలుగా పోయే వెలుగు కొసైన్ నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. 150లో మూలకు కోణం 27 డిగ్రీలు గనుక మధ్యలోని వెలుగులో 63 శాతం మిగులుతుంది. 90లో కోణం 40 డిగ్రీలు దాటుతుంది, మిగిలేది మూడో వంతు. వెడల్పు కటకాల తయారీలో దీన్ని కొంత సరిదిద్దుతారు, పూర్తిగా కాదు.

కనుక 150. అంతటితో అయిపోలేదు. 150 అని రాసి వున్నవన్నీ ఒకటి కావు. సంతలో ఎద్దు రంగు చూసి కొనేవాడు ఎవడూ వుండడు. పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. పాత టెస్సార్ జాతి నాలుగు గాజుల 150 చవక. 60 డిగ్రీల కోణం యిచ్చిందనుకున్నా వలయం 173 మి.మీ. ష్నైడర్ సిమ్మార్-ఎస్ లాంటి ఆరు గాజుల 150కి కోణం 70 డిగ్రీలు, ఎఫ్/22 దగ్గర వలయం 210 మి.మీ. పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క వేస్తే, కెమెరా అడ్డంగా వున్నప్పుడు మొదటి దాన్ని 14 మి.మీ., రెండో దాన్ని 38 మి.మీ. పైకి ఎత్తవచ్చు. పైకి ఎత్తడం దేనికి? కెమెరాను పైకి వంచితే భవనం గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరపడి, వెనక్కు పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరాను నిటారుగానే వుంచి కటకాన్ని పైకి జరిపితే గోడలు గోడల్లాగే నిలబడతాయి. 30 మీటర్ల దూరంలోని వస్తువు 200 వంతులు చిన్నదవుతుంది కాబట్టి 14 మి.మీ. అంటే అక్కడ 2.8 మీటర్లు, 38 మి.మీ. అంటే 7.6 మీటర్లు. ఒకటి ఒక అంతస్తు కూడా లేదు, యింకొకటి రెండంతస్తుల పైనే. జూబ్లీహిల్స్ ఏటవాలు రోడ్లలో కింద నిలబడి గుట్టమీది రాయినీ దాని నెత్తిన కట్టిన మేడనూ తీయాల్సిన మాకు యీ తేడాయే ప్రాణం. 90 వాళ్ళకు కూడా యిదే జవాబు చెప్పాను: వెనక్కు జరగలేకపోతే ఎదుటి మేడవాళ్ళ గేటు కొట్టి అడగవచ్చు, వలయం లేకపోతే ఎవర్ని అడుగుతాం?

షట్టరు లేని ఉత్తి కటకాలు యింకా చవకగా వస్తాయి. మూత తీసి, లెక్కపెట్టి, మూత పెట్టడం పాత పద్ధతి. ఆనాటి పలకలు మందకొడివి కాబట్టి అది సాగింది. మన 100 వేగం ఫిల్ముకు ఎర్రటి ఎండలో ఎఫ్/45 పెట్టినా సెకనులో పన్నెండో వంతు చాలు. చేత్తో అంత వేగంగా మూత ఎవరూ తీసి పెట్టలేరు. అందుచేత సున్నా నంబరు కోపాల్ షట్టరులో వున్నదే కావాలన్నాను. దానికి సెకను నుంచి 500వ వంతు దాకా వేగాలుంటాయి, ముందు పలకకు 34.6 మి.మీ. రంధ్రం చాలు.

పాతది కొనేటప్పుడు కటకం వెనుక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులా తెల్లని పోగులుంటే బూజు. మన వానాకాలంలో అది పెరుగుతుందే గాని తగ్గదు. అంచున ఇంద్రధనుస్సు మరకలుంటే గాజుల మధ్య జిగురు విడిపోతున్నట్టు. ముందు గాజు మీద చిన్న గీతకు భయపడనక్కరలేదు, దానికి ధర తగ్గించమని అడగవచ్చు. షట్టరును సెకను మీద పెట్టి పదిసార్లు కొట్టాలి. నూనె ఎండిపోతే ముందుగా మొరాయించేది నెమ్మది వేగాలే. నేను ఆ చప్పుడును సెల్‌ఫోనులో రికార్డు చేసి, తెరచినప్పటికీ మూసినప్పటికీ మధ్య కాలాన్ని కంప్యూటరులో కొలిచాను. సెకనుకు 1.1 సెకను వచ్చింది. ఆ మాత్రం తేడాను ఫిల్ము ఓర్చుకుంటుంది.

మేము కొన్నది సిమ్మార్-ఎస్ 150. కటకం, కెమెరా, రెండు ఫిల్ము పెట్టెలు ఫిజిక్సు ల్యాబు బీరువాలో వున్నాయి. వానాకాలమంతా పక్కన సిలికాజెల్ పొట్లం వుంచుతున్నాం. దుర్గం చెరువు ఒడ్డు రాళ్ళు ఆరు తీశాం. ఫిల్మ్‌నగర్ బస్తీ పైగుట్ట యింకా తీయవలసి వుంది. మిత్రులెవరైనా శనివారం ల్యాబుకు వచ్చి సంతకం పెట్టి తీసుకువెళ్ళవచ్చు. నల్లగుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.