ఫోన్ లాక్కుంటే వేధింపు ఆగుతుందా?

క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి ఫొటోను స్టిక్కరుగా మార్చి తిప్పుతారు. అందరూ నవ్వుతారు. ఆ అమ్మాయి ఇంట్లో చెప్పదు. చెబితే మొదట ఫోను, ఆ తర్వాత చదువు పోతాయని ఆమె భయం. మన ఇళ్లలో ఆ భయం ఉత్తదేమీ కాదు. పాఠం అక్కడే మొదలుపెట్టాలి.

సామగ్రికి లోటు లేదు. 2020లో ఎన్‌సీఈఆర్‌టీ, యునెస్కో కలిసి ఆన్‌లైన్ భద్రతపై చిన్న పుస్తకం తెచ్చాయి. అయితే చదివి వినిపిస్తే అది ఉపన్యాసమే. ఒక కల్పిత సందేశాన్ని బోర్డు మీద రాసి, పంపినవారు, బాధపడినవారు, చూసి నవ్వినవారు ఏం చేయాలో పిల్లలనే అడగండి. నవ్వినవారి వంతు రాగానే తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి మాటలతో నింపకండి.

వేధించే సందేశాన్ని వెంటనే చెరిపేయకూడదు. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, తర్వాతే బ్లాక్ చేయాలి. పిల్లల సహాయానికి 1098 ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అశ్లీల చిత్రాలపై పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. రాష్ట్రంలో తొలి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న మన రాజమహేంద్రవరంలోనే ప్రారంభమైందని ఎంతమంది పిల్లలకు తెలుసు?

పద్దెనిమిదేళ్ల లోపు తీసిన అసభ్య చిత్రాల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోను దాటదు. దాని నుంచి తయారైన సంకేత సంఖ్య మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వాటికి చేరుతుంది. దాన్ని బట్టి అవి ఆ బొమ్మను వెతికి తొలగిస్తాయి. వాట్సాప్ సందేశాల్లో మాత్రం ఇది పనిచేయదు. అక్కడ ఆపగలిగేది ఆ ఫొటో చేరిన పిల్లలే.