తారులాంటి మలం, నెత్తుటి వాంతి: బొగ్గుబాయి కుటుంబాలు చేయవలసినవి - చేయకూడనివి

కడుపులో పుండు కోసుకుపోయినా, మద్యంతో కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన సిర చిట్లినా నెత్తురు లోలోపలే పోతుంది. ఎండోస్కోపీ పైపుతో ఆ చోటు చూసి, అక్కడికక్కడే సూదిమందు వేసి, క్లిప్పు పెట్టి, లేదా సిరకు రబ్బరు బ్యాండు బిగించి రక్తం ఆపుతారు. చాలామందికి పొట్ట కోయనక్కరలేదు. పుండైతే 24 గంటల్లో, సిర చిట్లితే 12 గంటల్లో ఈ పని జరగాలి. గోదావరిఖనిలోనైనా రామగుండంలోనైనా ఆ గంటలను ఇంట్లో, షిఫ్టులో పోగొట్టుకోకండి.

చేయవలసినవి

• మలం తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన కంపుతో వస్తే రక్తం పోతోందనే అనుకోండి.

• వాంతిలో ఎర్రటి నెత్తురు గానీ కాఫీ పొడిలాంటి నలకలు గానీ కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

• బాయి లోపల ఉంటే పని ఆపి కూర్చోండి. సర్దార్‌కో ఓవర్‌మన్‌కో చెప్పండి. స్ట్రెచర్ మీదే పైకి రండి.

• రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

• ముందు దగ్గర్లోని ఆసుపత్రికే వెళ్లండి, సింగరేణి ఏరియా ఆసుపత్రి అయినా, ప్రభుత్వాసుపత్రి అయినా సరే. సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించి బీపీ నిలబెట్టాకే దూర ప్రయాణం.

• పెద్దాసుపత్రికి పంపుతుంటే ముందే ఫోన్ చేయించి, రక్తం ఆపే ఎండోస్కోపీ ఈ రాత్రే చేస్తారో లేదో అడగండి.

• వాడుతున్న గోలీలన్నీ అట్టలతో సహా తీసుకెళ్లండి. నొప్పి గోలీలు, రక్తం పలచబరిచే గోలీలు ముఖ్యం.

• మద్యం ఎంత తాగుతారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో డాక్టరుకు నిజం చెప్పండి. ఎండోస్కోపీకి ముందే ఇచ్చే మందు దాన్నిబట్టి మారుతుంది. భార్య ముందు చెప్పలేకపోతే ఆమెను కాసేపు బయట ఉండమనండి.

• రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు ముగ్గురిని సిద్ధం చేసుకోండి.

• పుండుకు కారణం హెలికోబ్యాక్టర్ క్రిమి అని తేలితే మందుల కోర్సు పూర్తిగా వాడండి. సగంలో ఆపితే క్రిమి చావదు.

• బ్యాండు వేయించుకున్నవారు చెప్పిన తేదీకి మళ్లీ వెళ్లండి. సిరలన్నీ ఒక్కసారికే మూసుకుపోవు.

• క్లిప్పు పెట్టించుకున్నవారు ఎంఆర్ఐ తీయించే ముందు ఆ సంగతి చెప్పండి.

చేయకూడనివి

• బాయిలో మింగిన బొగ్గు దుమ్ము వల్లే నల్లగా వచ్చిందని సరిపెట్టుకోకండి. దుమ్ముతో కళ్లె నల్లబడవచ్చు. తారులాంటి జిగట మలాన్ని దుమ్ము ఖాతాలో వేయకండి.

• ఐరన్ గోలీలతోనూ మలం నల్లబడుతుంది, నిజమే. ఆ తేడా ఇంట్లో తేల్చకండి.

• ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో కళ్లు తిరిగితే వడదెబ్బే అని తీర్మానించకండి. మలం రంగు అడగండి.

• మస్టర్ పోతుందని షిఫ్టు అయ్యేదాకా ఆగకండి.

• బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. బీపీ పడిపోతే మనిషి జారిపోతాడు.

• మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు, ఏవీ తాగించకండి. కడుపు నిండితే పైపుకు ఏమీ కనిపించదు, వాంతి ప్రమాదమూ పెరుగుతుంది.

• పసరు పోయకండి.

• ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

• వాంతి ఆగింది కదా అని ఎండోస్కోపీ వద్దనకండి. మళ్లీ రక్తం పోయే ప్రమాదం మొదటి 72 గంటల్లోనే ఎక్కువ. ఈ ఒక్క మాట విననివారు రెండోసారి ఇంకా పాలిపోయి రావచ్చు.

• హైదరాబాద్‌లో ఏఐజీ ఉంది, నిమ్స్ ఉంది అని దగ్గరి ఆసుపత్రిని దాటేసి రాజీవ్ రహదారి పట్టకండి. దారి 200 కిలోమీటర్ల పైమాటే. ఆసరా లేకుండా అంతసేపు రక్తం పోనివ్వకండి.

• రిఫరల్ లెటర్ కోసం ఇంటిల్లిపాదీ తిరగకండి. ఒకరు ఆ పని చూడండి, మిగతావారు రోగిని వదలకండి.

• నడుము నొప్పికి, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొని మింగకండి. బరువు పనివారి కడుపులో పుండ్లకు ఇవీ ఒక పెద్ద కారణం. సాయంత్రం మద్యం, రాత్రి నొప్పి గోలీ అసలే వద్దు.

• గుండెకు స్టెంట్ ఉన్నవారు ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. గుండె డాక్టరు, కడుపు డాక్టరు కలిసి చెప్పాలి.

• మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేసిన రోజు బండి నడపకండి, డంపర్ ఎక్కకండి.

• బ్యాండు వేశాక కొద్దిరోజులు గట్టి పదార్థాలు, జొన్నరొట్టె, కారం వేపుళ్లు తినకండి. బ్యాండు రాలిన చోట పచ్చి పుండు ఉంటుంది.

• చికిత్స అయ్యాక ఒకటి రెండు రోజులు నల్లగా వస్తే హడలిపోకండి, లోపల నిలిచిన పాత రక్తం అది. తగ్గిన నలుపు మళ్లీ వచ్చినా, చెమట పట్టి గుండె దడదడలాడినా మాత్రం ఇంట్లో ఉండకండి.

• బ్యాండు వేశారు కదా అని మళ్లీ మద్యం ముట్టకండి. బ్యాండు సిరకే, కాలేయానికి కాదు. కల్లు మద్యం కాదనే లెక్క చెప్పకండి.

• బాయిలో బీడీ నిషేధమని ఖైనీ పెట్టుకోకండి. నిప్పు ప్రమాదం తప్పుతుంది గానీ పొగాకు పొగాకే. పైకి వచ్చాక బీడీ వెలిగించకండి, పొగ తాగేవారికి పుండు ఆలస్యంగా మానుతుంది.