పొలము నుండి రేడియోకు: ‘బ్రాడ్‌కాస్ట్’

ప్రశ్న: మా పెరటి పచ్చిక కొఱకు కొన్న విత్తనాల సంచిపై ‘బ్రాడ్‌కాస్ట్’ చేయవలెనని యున్నది. రేడియోకు చెందిన ఈ క్రియ ఇక్కడ కెట్లు వచ్చినది?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఈ క్రియ పొలము నుండియే రేడియోకు పోయినది. విశాలమను అర్థముగల ‘బ్రాడ్’, ప్రాచీన నార్సు భాషనుండి ఆంగ్లమున జేరిన, విసరుట యను అర్థముగల ‘కాస్ట్’ కలిసి యేర్పడిన ఈ మాట 18వ శతాబ్దమున విశేషణముగను, 19వ శతాబ్దమున క్రియగను సేద్యమున వ్యవహరింపబడినది. గొఱ్ఱుతో చాలు వెంబడి విత్తుటగాక, ఒడిలోని గింజలను పిడికిట బట్టి, అడుగడుగునకు చేతిని అర్ధచంద్రాకారముగ విసరుచు నేలయంతట వెదజల్లుటయే దీని మూలార్థము. పిమ్మట వార్తలను, భావములను నలుగడల వ్యాపింపజేయుటకును చెల్లినది. 1920 నవంబరు 2వ తేదీ రాత్రి పిట్స్‌బర్గులోని కె.డి.కె.ఎ. రేడియో కేంద్రము హార్డింగు, కాక్సుల నడుమ జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫలితములను వినిపించిన ఆ కాలమున, ఒకరికి మాత్రమే చేరు తంతివార్తకు భిన్నముగా, వినువా రెవరో యెఱుగకయే అందఱికిని పంపెడి నూతన విద్యకు ఈ కర్షకుల మాటయే అమరినది.

భూతకాలమునను ‘బ్రాడ్‌కాస్ట్’ అనుటయే మేలు. ‘బ్రాడ్‌కాస్టెడ్’ అనునదియు నిఘంటువులలో గలదు. ఇక మీ విత్తనములను రెండు పాళ్లు చేసి, ఒకటి నిలువుగను, ఒకటి అడ్డముగను చల్లుడు. పచ్చిక సమముగ మొలచును.