ఆదివారపు పూజ రోగి మంచం వరకు
(విచారణ కుటుంబాల కొరకు ఆరోగ్య పాఠం)



ఆదివారం గుడి గంట మోగగానే ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని దివ్య బలిపూజకు బయలుదేరుతారు. అయితే ఆ గంట చెవిన పడినా లేచి రాలేనివారు ప్రతి విచారణలోను కొందరుంటారు. పక్షవాతం వచ్చి మంచాన పడిన తాతగారు, ఆయాసంతో నాలుగడుగులు వేయలేని పెద్దమ్మ, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన తల్లి, ఆమెను కనిపెట్టుకొని ఉన్న కోడలు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు వీరి చుట్టూ మనుషులుంటారు. ఇంటికి వెళ్ళిన నెల రోజులకు పలకరించేవారు తగ్గిపోతారు. మందులు సరిగా వేసుకోవడం తప్పిపోయేది, దిగులు పట్టుకొనేది అప్పుడే. అందుచేత మన ఆదివారపు ఆరాధన వీరి దాకా ఎలా చేరాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. మొదటి క్రైస్తవుల ఆదివారం

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో మొదటి విశ్వాసుల జీవితం కనిపిస్తుంది. వారు అపొస్తలుల బోధ వినేవారు, కలసిమెలసి ఉండేవారు, రొట్టె విరిచేవారు, ప్రార్థన చేసేవారు. అవసరంలో ఉన్నవారికి తమ ఆస్తిలో నుండి పంచిపెట్టేవారు.

ఇంచుమించు క్రీ.శ. 155లో రోమునగరంలో ఉన్న పునీత జస్టిన్ గారు, క్రైస్తవులు ఆదివారం ఏమి చేస్తారో చక్రవర్తికి వివరంగా వ్రాశారు. ఊళ్ళలోను పల్లెల్లోను ఉన్నవారంతా ఒకచోట చేరేవారు. లేఖనాలు చదివేవారు. పెద్ద ప్రసంగించేవారు. తరువాత రొట్టెను, ద్రాక్షారసాన్ని తెచ్చి కృతజ్ఞతాస్తోత్రం చెల్లించేవారు. ఇది ఈనాటి మన పూజక్రమమే.

ఆయన ఇంకా రెండు సంగతులు వ్రాశారు. ఒకటి, రాలేకపోయినవారికి డీకనులు దివ్యసత్ప్రసాదాన్ని తీసుకొనిపోయేవారు. రెండు, ఆ రోజు పోగైన కానుకలతో అనాథలను, విధవలను, రోగులను, చెరసాలలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకొనేవారు. అంటే మొదటినుండి ఆదివారపు పూజ గుడి గుమ్మం దగ్గర ముగిసేది కాదు. అది రోగి ఇంటి వరకు నడచి వెళ్ళేది.

2. రాలేనివారికి దోషం లేదు

"అమ్మా, మూడు వారాలనుండి పూజకు పోలేదు, పాపం కదా?" అని మా వార్డులలో చాలామంది కన్నీళ్ళతో అడుగుతారు. ఆదివారపు పూజలో పాల్గొనడం కతోలికుల విధి. కాని జబ్బుపడినవారికి, పసిబిడ్డలను చూసుకొనేవారికి, ఇటువంటి గట్టి కారణం ఉన్నవారికి ఆ విధినుండి మినహాయింపు ఉన్నదని శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా చెబుతున్నది. అత్తగారికి పక్క మార్చే కోడలు, భర్తకు అన్నం తినిపించే భార్య మనసులో భారం పెట్టుకోనక్కరలేదు. ఇంట్లోనే ఆనాటి సువిశేషం చదువుకొని ప్రార్థించుకోవచ్చు.

సేవ చేసేవారికి కూడ ఊరట అవసరం. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం శనివారం సాయంత్రపు పూజతో కూడ ఆదివారపు విధి నెరవేరుతుంది. కాబట్టి ఇంట్లో ఇద్దరుంటే ఒకరు శనివారం, ఒకరు ఆదివారం వెళ్ళవచ్చు. ఒక్కరే ఉన్న ఇంటికి పొరుగువారు వచ్చి గంటసేపు కూర్చుంటే ఆ ఒక్కరూ పూజకు వెళ్ళివస్తారు. గంట సమయం ఇవ్వడం కూడ పెద్ద దానమే.

3. దివ్యసత్ప్రసాదానికి ముందు మందులు మానవద్దు

మన పెద్దలు అర్ధరాత్రి నుండి పచ్చి మంచినీళ్ళు కూడ ముట్టకుండా పూజకు వచ్చేవారు. ఆ నియమం మారిపోయి చాలాకాలమైంది. 1953లో నీళ్ళు త్రాగవచ్చునని చెప్పారు. 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గించారు. నేటి నియమం ఇది:

దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి ఒక గంట ముందునుండి ఆహారం తీసుకోకూడదు. నీళ్ళు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులు, రోగులు, వారికి సేవ చేస్తున్నవారు ఆ గంటలోపల కొంచెం తిన్నప్పటికీ దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చు.

అందుచేత బి.పి. మాత్ర, మూర్ఛ మాత్ర, గుండె మాత్ర ఏదైనా వేళకు వేసుకొనే పూజకు రండి. ఇన్సులిన్ తీసుకొని ఏమీ తినకుండా పూజకు రావద్దు. షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి, మాట తడబడుతుంది. అటువంటివారిని చూస్తే వెంటనే కూర్చోబెట్టి, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మరల ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

బి.పి. మాత్రలు వాడే పెద్దలు మోకాళ్ళమీద నుండి ఒక్కసారిగా లేవవద్దు. కళ్ళు తిరిగినట్లుంటే పూజంతా కూర్చొనే పాల్గొనవచ్చు.

పక్షవాతం వలన మింగలేనివారికి ఇంటిదగ్గర దివ్యసత్ప్రసాదం ఇప్పించేటప్పుడు ఫాదర్ గారికి ముందుగా ఆ సంగతి చెప్పండి. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న తునక చాలు. నోటిద్వారా ఏమీ ఇవ్వకూడదని డాక్టరుగారు చెప్పినట్లయితే, ఇవ్వకముందు డ్యూటీలో ఉన్న నర్సును తప్పక అడగండి.

4. తపస్కాలంలో ఒక్కపొద్దులు

శ్రీసభ చట్టం ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం. ఇది 18 ఏళ్ళు నిండినవారి నుండి 59 ఏళ్ళు నిండేవరకు వర్తిస్తుంది. 1966లో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన వివరణ ప్రకారం ఉపవాసమంటే ఒక పూట పూర్తి భోజనం. ఉదయం, సాయంత్రం కొంచెం ఆహారం తీసుకోవచ్చు. మాంసం మానవలసిన నియమం 14 ఏళ్ళు నిండినవారికి.

ఆరోగ్యం చెడిపోయేటట్లు ఒక్కపొద్దు ఉండమని శ్రీసభ ఎవరినీ అడగదు. షుగర్ రోగులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయ మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు నలభై రోజులు ఒక్కపొద్దులుంటామని మ్రొక్కుకోకముందే డాక్టరును, విచారణ గురువులను కలవండి. ఉపవాసానికి బదులుగా దానధర్మం, ప్రార్థన, నోటిని అదుపులో పెట్టుకోవడం చేయవచ్చు.

5. అభ్యంగనం చావు కబురు కాదు

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే విషయం ఇది. "ఫాదర్ గారిని పిలవమంటారా?" అని అడిగితే, "అప్పుడే ఎందుకమ్మా, ఆయనను చూస్తే మా నాన్న భయపడిపోతాడు" అంటారు. చివరకు స్పృహ తప్పిన తరువాత పరుగులు పెడతారు. మాట్లాడగలిగినప్పుడు పాపసంకీర్తనం చేసుకొని, బిడ్డలను దీవించి, మనసు తేలిక చేసుకొనే అవకాశం ఆ రోగికి దక్కకుండా పోతుంది.

పూర్వం దీనిని అవస్థ అభ్యంగనం అనేవారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో, దీనిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే తగినదని, ఇది ప్రాణం పోయే సమయంలో ఉన్నవారికి మాత్రమే కాదని చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు దీని క్రమాన్ని సవరించారు. గురువు రోగి నుదుటిమీద, చేతులమీద తైలం పూసి ప్రార్థిస్తారు. పునీత యాకోబుగారి లేఖ 5వ అధ్యాయం దీనికి ఆధారం.

తీవ్రమైన జబ్బు ఉన్నవారు, అటువంటి జబ్బుకు ఆపరేషన్‌కు వెళ్ళేవారు, వయసు మీదపడి బాగా నీరసించినవారు దీనిని పొందవచ్చు. కోలుకొని మరల జబ్బుపడితే, లేక అదే జబ్బు ముదిరితే మరల పొందవచ్చు. దీనిని గురువులు మాత్రమే ఇవ్వగలరు. కాబట్టి ఆపరేషన్ తేదీ తెలియగానే ఫాదర్ గారికి కబురు చేయండి. అర్ధరాత్రి దాకా ఆగవద్దు.

6. ప్రార్థన, మందు రెండూ దేవునివే

స్వస్థత ప్రార్థనకు వెళ్ళివచ్చి మాత్రలు ఆపేసినవారు కొందరు మరల మా దగ్గరకు మరింత కష్టస్థితిలో వస్తారు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం, జబ్బు చేసినప్పుడు ప్రార్థించమని చెబుతూనే వైద్యునికి కూడ చోటివ్వమని బోధిస్తున్నది. స్వస్థత ప్రార్థనలపై 2000లో రోమునుండి వచ్చిన ఉత్తర్వు కూడ ప్రార్థన చేసేవారు వైద్యాన్ని వదలకూడదనే చెప్పింది.

మన గుంటూరుకు 1920లో ఆస్ట్రేలియానుండి వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ గారు మఠకన్యగా ఉంటూనే వైద్యం చేశారు. మఠకన్యలు డాక్టర్లుగా పనిచేయడం అరుదైన ఆ రోజుల్లో ఆమె అందుకు పోపుగారి అనుమతి పొందారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘానికి నాంది పలికినది ఆమే. ఆమె జపమాల, స్టెతస్కోపు రెండూ ఒకే చేతిలో పట్టుకొన్నారు.

7. రోగిని చూడవచ్చేవారికి

ఒకేసారి ఇరవైమంది రావద్దు. ఇద్దరు ముగ్గురు వచ్చి పదిహేను నిమిషాలుండి వెళ్ళితే రోగి సంతోషిస్తాడు. మంచాన్ని ముట్టుకొనే ముందు, తరువాత చేతులు సబ్బుతో కడుగుకోండి. మీకు జలుబు, దగ్గు ఉంటే తగ్గేవరకు ఆగండి. ఆక్సిజన్ పెట్టిన రోగి దగ్గర కొవ్వొత్తి, అగరుబత్తి వెలిగించవద్దు, నిప్పు అంటుకొంటుంది. పుండ్లమీద, కాలిన గాయాలమీద మీరు తెచ్చిన నూనె రాయవద్దు. "విశ్వాసం చాలక ఈ జబ్బు వచ్చింది" అనే మాట ఎన్నడూ అనవద్దు. ఆ మాట రోగి మనసులో పుండులా ఉండిపోతుంది.

విశ్వాసుల ప్రార్థనలో రోగి పేరు చదవాలంటే వారి అనుమతి తీసుకోండి. జబ్బు పేరు మాత్రం చెప్పవద్దు. గుడిలో పేరు బయటపడుతుందేమోనని హెచ్.ఐ.వి., క్షయ, మానసిక జబ్బు ఉన్నవారు మందులకు కూడ రాకుండా దాక్కొంటారు.

8. దగ్గు, క్షయ, గుడి

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. 2024 నవంబరు నుండి చికిత్సలో ఉన్నవారికి పోషకాహారం కొరకు కేంద్రప్రభుత్వ సహాయం నెలకు 1,000 రూపాయలుగా పెరిగింది.

క్షయ గాలిద్వారా వస్తుంది. కరచాలనం వలన, గుడి బెంచీ వలన, బట్టల వలన రాదు. దగ్గేవారు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని కిటికీ దగ్గర లేక వరండాలో కూర్చోవాలి. సరియైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామందినుండి జబ్బు ఇతరులకు సోకడం ఆగిపోతుంది. డాక్టరుగారు సరేనన్న తరువాత కూడ వారిని దూరంగా కూర్చోబెట్టడం క్రైస్తవ ప్రేమ కాదు. సమాధానం ఇచ్చిపుచ్చుకొనే వేళ మన నమస్కారం అందరికీ క్షేమం.

9. మీ విచారణలో చేయదగినది

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నోటుబుక్కు చాలు. చిన్న క్రైస్తవ సమాజంలో పదిహేను ఇరవై ఇళ్ళుంటే, పూజకు రాలేనివారెవరో అందులో వ్రాయండి. ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకోండి. మరియదళం సభ్యులు, విన్సెంట్ డి పాల్ సభవారు ఇళ్ళు దర్శించే అలవాటున్నవారే, వారి సహాయం తీసుకోండి. ఫాదర్ గారు నెలకొకసారి మాత్రమే రాగలిగే గ్రామాల్లో ఉపదేశిగారు ఈ పుస్తకాన్ని చూసుకోవచ్చు. 1973నుండి తగిన శిక్షణ, అనుమతి పొందిన గృహస్థులు కూడ రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకొని వెళ్ళే వీలున్నది. మీ విచారణలో అటువంటివారు లేకపోతే గురువులతో మాట్లాడండి.

వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: మందులు ఉన్నాయా? మరల డాక్టరుకు చూపించవలసిన తేదీ ఎప్పుడు? వెంట ఎవరు వస్తారు? మూడో ప్రశ్నకు జవాబు లేక ఆగిపోయిన చికిత్సలు ఎన్నో.

ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగనాడు గుణదలకు వేలాదిగా వెళ్తాము. రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. 1993నుండి జరుపుకొంటున్నాము. గుణదలకు ప్రయాణం కట్టే ముందు మీ వీధిలో ఉన్న ఒక రోగి ఇంటికి వెళ్ళి రండి.

కలసి ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సమాజంలో మూడు నెలలనుండి పూజకు రానివారు ఎవరు? ఎందుకు రాలేదో మనలో ఎవరికైనా తెలుసా?
2. మంచాన ఉన్నవారికి సేవ చేసే ఇంటివారికి ఈ వారం ఎవరు ఒక గంట ఇవ్వగలరు?
3. అభ్యంగనం అంటే మన ఇళ్ళలో భయం ఎందుకు? దానిని పిల్లలకు ఎలా వివరిస్తాము?
4. గుడిలో ఎవరికైనా కళ్ళు తిరిగి పడిపోతే పంచదార, మంచినీళ్ళు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు?

వచ్చే ఆదివారం పూజ ముగిశాక తిన్నగా ఇంటికి పోకుండా, ఒక తలుపు తట్టండి. వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమైన మరియమాత మనందరి కొరకు వేడుకొనును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్